మాట అందనప్పుడు మోటారు ఏం చెయ్యాలి

మోటారు డ్రైవుల సర్వీసు పనిలో కొత్తగా చేరుతున్న పిల్లలు ఈమధ్య ఎవరో ఒకరు మా ఇంటికి వస్తున్నారు. "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటారు. నేను మొదలుపెట్టగానే ఫోను చూసుకుంటారు. అందుకే రాసి పెడుతున్నాను. చదివేటప్పుడు ఫోను చూసుకోరని కాదు, చూసుకున్నా నాకు కనబడదు.

నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ ఉండదు. వచ్చినవే తక్కువ, వాటివల్ల నేర్చుకున్నది ఇంకా తక్కువ. నేను రాసేది ఒకే ఒక్క జబ్బు గురించి. కీప్యాడుకూ డ్రైవుకూ మధ్య మాట తెగిపోవడం. రెండువేల సంవత్సరం దాటిన తర్వాత గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు చుట్టూ బస్సుల్లోనూ, స్కూటరు మీదా నేను తిరిగిన తిరుగుడులో చాలా భాగం ఈ జబ్బు కోసమే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. మోటారుకు వెళ్లే కరెంటును సవరించి, దాని వేగాన్ని మన చేతిలో పెట్టే పెట్టె డ్రైవు. దాని ముఖాన అరచేతిలో పట్టేంత పలక ఒకటి ఉంటుంది, చిన్న తెర, నాలుగైదు మీటలు. అదే కీప్యాడు. నడువు, ఆగు, వేగం పెంచు, తగ్గించు అని మనం చెప్పేదంతా దాని మీదే. మా వైపు మిల్లుల్లో దాన్ని రిమోటు అనేవాళ్లు, ఎందుకంటే దాన్ని పట్టి లాగితే ఊడి చేతికి వస్తుంది. దానికీ లోపలి డ్రైవుకూ మధ్య సన్నటి పిన్నులుంటాయి. అక్కడ అతుకు చెడితే తెర మీద మాట అందడం లేదని రాసి వస్తుంది, లేదా ఉత్త గీతలు వస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. మాట తెగిన ఆ క్షణంలో మోటారు ఏం చెయ్యాలి? ఆగిపోవాలా, లేక చివరగా విన్న మాట పట్టుకుని నడుస్తూనే ఉండాలా? ఆ జవాబును మనమే ముందుగా డ్రైవులో పెట్టి ఉంచాలి. సెట్టింగుల అడుగున ఎవరూ చూడని ఒక అంకె అది. కొత్తకోట నుంచి వనపర్తి పోయే దారిలో ఒక పల్లీల మిల్లు ఉండేది. అక్కడ బెల్టు పక్కన కూర్చునే ఆడవాళ్ల ప్రాణం ఆ అంకె మీద వేలాడుతూ ఉండింది. ఆ మిల్లు సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ముందు రెండుమూడు చిన్న విషయాలు చెప్పకపోతే అది అర్థం కాదు.

గుసగుస, గోల

గద్వాల దగ్గర ఒక పత్తి మిల్లులో కీప్యాడు డ్రైవు మీద కాకుండా, ఆపరేటరు కూర్చునే బల్ల దగ్గర ఉండాలని యజమాని ముచ్చటపడ్డాడు. మిల్లు ఎలక్ట్రీషియను మనిషి మంచివాడే. ఇంట్లో బల్బుకు వాడే తీగ తెచ్చి పొడిగించి, మోటారు కేబుళ్లు పోయే గొట్టంలోనే దాన్నీ దూర్చాడు. ఇక చూడండి, పెద్ద మోటారు నడక ఎత్తుకున్న ప్రతిసారీ కీప్యాడు తెర మీద గీతలు. నాకన్నా ముందు వెళ్లిన మావాళ్లు కీప్యాడు మీద కీప్యాడు మార్చి వచ్చారు. నేను వెళ్లిన రోజు కూడా నా సంచిలో కొత్తది ఒకటి పెట్టి పంపారు.

దాన్ని సంచిలోంచి తియ్యలేదు. వాళ్ల పాతదాన్నే విప్పి, పొడిగింపు లేకుండా నేరుగా డ్రైవు మీద పెట్టి మోటారు నడిపించాను. చక్కగా పనిచేసింది. అంటే రోగం కీప్యాడులో లేదు, డ్రైవులో లేదు, మధ్య దారిలో ఉంది. జాతరలో మైకు పక్కన నిలబడి చెవిలో రహస్యం చెప్తే ఎవరికి వినబడుతుంది? పైన సన్నటి లోహపు తొడుగున్న మంచి కేబులు తెచ్చి, మోటారు తీగలకు దూరంగా వేరే దారిన వేసి, తొడుగును ఎర్తుకు కలిపితే ఆ పీడ వదిలింది.

ఎలక్ట్రీషియను నన్ను పక్కకు పిలిచి, "సారూ, నేను గుంజిన తీగతోనే గిట్లయిందని సేటుకు చెప్పకుండ్రి, జర" అన్నాడు. తీగ ఈ పనికి సరిపోదని మాత్రమే చెప్పాను, ఎవరు వేశారన్నది చెప్పలేదు. మన పని తప్పును పట్టుకోవడం. మనిషిని పట్టిస్తే ఆ మిల్లులో ఇంకెవరూ మనకు నిజం చెప్పరు. నిజం చెప్పే మనిషి లేని మిల్లులో మీటరు పెట్టి ఎంత కొలిచినా సగమే తెలుస్తుంది. కొత్తవాళ్లు ముందు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

దసరా తర్వాత వచ్చే ఫోన్లు

మా వైపు దసరాకు యంత్రాలకు పూజ చెయ్యని మిల్లు లేదు. నేనూ నా స్క్రూడ్రైవర్లకు బొట్టు పెట్టినవాణ్ణే. కాకపోతే మిల్లుల్లో భక్తి కొంచెం ఎక్కువ. ప్యానెలు తలుపు బార్లా తెరిచి, పసుపు నీళ్లు చల్లి, డ్రైవుకు గంధం పూసి, కీప్యాడు తెర నట్టనడుమ కుంకుమ పెట్టి, దాని ఎదురుగానే కొబ్బరికాయ కొడతారు. ఆ నీళ్లు చింది పిన్నుల్లోకి పోతాయి. నాలుగు రోజుల్లో పిన్నులకు పచ్చటి చిలుము పడుతుంది. పండుగ దాటాక ఫోన్లు మొదలవుతాయి, "సారూ, రిమోటు మాట్లాడుతలేదు" అని.

మా ఆఫీసులో ఒకాయన ఇలాంటి చోటికి పోయి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చి వచ్చేవాడు. ఆయన్ను రెండోసారి ఎవరూ పిలిచేవారు కాదు. నేను కరెంటు తీసేసి, డ్రైవులో నిలవ ఉన్న కరెంటు దిగేదాకా ఆగి, పిన్నులను స్పిరిటుతో మెత్తగా తుడిచి, తర్వాత ఒక్క మాట అనేవాణ్ణి. "దేవుడికైనా బొట్టు నొసటన పెడతరు గానీ కండ్లల్ల పోస్తరా? తలుపు మూసి, తలుపు మీద పెట్టుండ్రి." అది అందరికీ ఎక్కేది. మరుసటి ఏడు తలుపుకు ఇంత మందాన పసుపు ఉండేది, లోపల శుభ్రంగా ఉండేది.

రావు గారి సూత్రం

హైదరాబాదు ఆఫీసులో మా పై అధికారి రావు గారు. ఎన్నో విషయాలు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. డ్రైవు మూత విప్పేముందు చెయ్యి వెనక్కి కట్టుకుని కాసేపు ఊరికే నిలబడమని చెప్పేవాడు. ఆయన సూత్రం ఒకటుండేది. కస్టమరు నడవాలంటే నడిపించు, సంతకం తీసుకో, బస్సెక్కు. మాట తెగితే ఆగాలా నడవాలా అని అడిగితే ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే, "నడవనియ్యవయ్యా, ఆగితేనే గదా మనకు ఫోనొచ్చేది!"

ఆయన మాట పూర్తిగా తప్పని చెప్పలేను. అలంపూర్ వైపు ఒక మంచినీళ్ల పంపు ఉండేది. ఎండాకాలం గది వేడికి కీప్యాడు మొద్దుబారేది, డ్రైవు ఆగిపోయేది. నేను వెళ్లేసరికి ట్యాంకు కింద బిందెల వరస, ఆ వరసలో తగువులు. అక్కడ పంపు మీద ఎవరూ చెయ్యి పెట్టరు, ట్యాంకు నిండితే దానంతట అదే ఆగే ఏర్పాటు ఉంది, గది గుమ్మంలో ఆపే మీట వేరేగా ఉంది. 'మాట తెగినా నడువు' అని పెట్టి, గదికి ఎదురుబొదురు కిటికీలు తీయించి వచ్చాను. అక్కడ ఆగిపోవడమే ప్రమాదం. రావు గారు రైటు.

కానీ ఆయనకు హైదరాబాదులో కూర్చుంటే పంపూ ఒకటే, బెల్టూ ఒకటే. దాని పక్కన ఎవరు కూర్చుని ఉన్నారో ఫోనులో కనబడదు. అది కనబడేది వెళ్లినవాడికే. అందుకే ఆ అంకె వెళ్లినవాడు పెట్టాలి తప్ప ఆఫీసువాళ్లు కాదని నేను మొండిగా అనేవాణ్ణి. ఆ మొండితనంతో ఆయనకూ నాకూ చాలాసార్లు చెడింది.

పల్లీల మిల్లు

ఇక అసలు సంగతి. ఆ మిల్లు యజమాని వెంకటయ్య సేటు. తెల్లారకముందే వచ్చి, అందరికన్నా చివర ఇంటికి పోయే మనిషి. బస్తా మోసేవాడు రాకపోతే తనే వీపు పెట్టేవాడు. ఆయన సోమరి అని గానీ చెడ్డ అని గానీ ఎవరూ అనలేరు. పల్లికాయ కొట్టే యంత్రం, జల్లెడలు దాటి, గింజలు చివరికి ఒక పొడుగాటి బెల్టు మీద పడేవి. ఆ బెల్టుకు రెండు వైపులా ఆడవాళ్లు కూర్చుని రాళ్లూ పుచ్చులూ ఏరేవారు. ఆ బెల్టు మోటారుకే మా డ్రైవు.

సేటు ఫోను చేసి చెప్పింది పాత పాటే. "రిమోటు పెడితే గీతలొస్తున్నయి సారూ. బెల్టు నడుస్తనే ఉంటది, ఆపుదామంటే ఆగదు. పరేషాన్ అయితున్నది."

వెళ్లి చూస్తే కీప్యాడు పిన్నులు వదులైపోయి ఉన్నాయి. దాని అంచులు వాడిన కొడవలి పిడిలా నున్నగా అరిగి ఉన్నాయి. డ్రైవు మీద కదలకుండా కూర్చునే వస్తువు అలా అరగదు. ఆపరేటరు యాదగిరిని అడిగాను, దీన్ని రోజూ తీసి పెడుతున్నదెవరని.

యాదగిరి ముందు మిల్లు గేటు వైపు చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "సేటే తీస్తుండు సారు. పొద్దుగాల వచ్చి స్పీడు పెడుతడు, రిమోటు ఊడబీకి అంగీ జేబుల ఏస్కుంటడు. బజారుకు పోయినా, కొత్తకోటకు పోయినా గది జేబుల్నే ఉంటది."

"ఎందుకు?"

"అక్కలకు చేతులు గుంజుతె, యాదగిరన్నా జర తగ్గియ్యి అంటరు. నేను తగ్గిస్త. ఒకనాడు సేటు కంట్ల పడ్డది. గప్పటిసంది గిట్ల."

ఎన్నో మిల్లులు చూశాను గానీ కీప్యాడును బీరువా తాళంచెవిలా వెంట తీసుకుపోవడం అక్కడే చూశాను. సేటుకు అది ఎంతో తెలివైన ఏర్పాటు. వేగం తన జేబులో భద్రంగా ఉన్నట్టు. దానికి తగ్గట్టు, నాకన్నా ముందెవరో సర్వీసువాడు ఆయన అడిగినట్టే 'మాట తెగినా నడువు' అని అంకె పెట్టి పోయాడు. అంటే సేటు కీప్యాడు పీకి జేబులో వేసుకున్న క్షణం నుంచి ఆ బెల్టును ఆపడానికి అక్కడ ఏమీ లేదు. ఒక్క మెయిన్ స్విచ్చు తప్ప. అది వెనకనున్న రేకుల షెడ్డులో, పల్లీల పొట్టు కుప్ప అవతల ఉంది.

బెల్టు కొసన రోలరు పక్కన కూర్చునేది శాంతమ్మ. ఏరేవాళ్లందరిలో పెద్దది. ఎన్నో ఏళ్లు బొంబాయి వైపు మట్టి పనికి పోయి వచ్చిన మనిషి, ఎవరి ముందూ మాట మింగేది కాదు. రోలరుకు అంత దగ్గరగా కూర్చుంటావే, చీర చిక్కుకోదా అని అడిగాను.

"కొంగు బొడ్లె దోపుకోనే కూసుంటం సారు. ఎంత దోపినా వంగి వంగి ఏరేటాల్లకు జారుతది."

"జారి ఇరుక్కుంటే?"

"యాదగిరి ఉర్కాలె. పొట్టు కుప్ప దాటి పోవాలె. గప్పటిదాంక యేసయ్యే దిక్కు." ఆమె నవ్వుతూనే అంది. ఆ పక్కన కూర్చున్న పద్మ అనే చిన్నమ్మాయి మాత్రం నవ్వలేదు. కొత్తగా పెళ్లయి ఆ ఊరికి వచ్చిన పిల్ల, కొంగును మళ్లీ ఒకసారి గట్టిగా దోపుకుంది.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పడం కష్టం. సేటు మీద కొంత, ఆ అంకె పెట్టి సంతకం తీసుకుని బస్సెక్కినవాడి మీద ఎక్కువ.

రావు గారికి ఫోను చేశాను. "రిమోటు మార్చి వచ్చెయ్, సీజను, ఇంకా నాలుగు చోట్ల నీకోసం చూస్తున్నారు" అన్నాడు. ఆపే మీట పెట్టకుండా రానన్నాను. మీటలు పెట్టడం మన పని కాదన్నాడు. ఇవాళ అదే నా పని అని ఫోను పెట్టేశాను. పై అధికారితో అలా మాట్లాడమని మీకు సలహా ఇవ్వను. నాకు మాత్రం ఆ రోజు వేరే మాట నోటికి రాలేదు.

తువ్వాల

సేటు అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. "ఆపే మీట ఆడోళ్ల చేతులకిస్తె ఊకూకె ఆపుతరు సారూ. ముచ్చట్లు పెట్టనీకె ఆపుతరు, తంబాకు నమలనీకె ఆపుతరు. సీజన్ల బెల్టు ఆగితే లారీ ఆగుతది. నీకేం తెలుసు నా తిప్పలు?"

మాటలతో అయ్యే పని కాదనిపించింది. ఆడవాళ్లందరినీ బెల్టు దగ్గర్నుంచి లేచి దూరంగా జరగమన్నాను. బెల్టు నడుస్తోంది. కీప్యాడు అప్పటికే మళ్లీ సేటు జేబులోకి చేరింది. నా భుజం మీది తువ్వాల తీసి, ఒక పొడుగాటి కర్రతో దాని కొసను బెల్టు మీద రోలరు అంచున పడేశాను.

"ఇప్పుడు ఆపండి సేటూ" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి జేబులో చెయ్యి పెట్టాడు. కీప్యాడు జేబు అంచుకు తట్టుకుంది. లాగి, డ్రైవు దగ్గరికి పోయి, పెట్టి, నొక్కాడు. తెర మీద గీతలు. మళ్లీ తీసి మళ్లీ పెట్టాడు. "యాదగిరీ, ఉర్కు!" అని అరిచాడు. యాదగిరి పొట్టు కుప్ప మీద పడుతూ లేస్తూ షెడ్డులోకి పరిగెత్తాడు. బెల్టు ఆగేసరికి నా తువ్వాల రోలరుకు చుట్టుకుని, రెండు పీలికలై, కమురు వాసన కొడుతోంది.

శాంతమ్మ వచ్చి ఆ పీలికల్ని రోలరు మీంచి విప్పింది, ఇంట్లో చిక్కుపడ్డ దారం విప్పినట్టు ఓపికగా. విప్పి తెచ్చి నాకు కాదు, సేటు చేతికిచ్చింది. "సారు తువ్వాలనే గద" అంది.

సేటు వాటిని అందుకుని, "సరే, పెట్టు" అన్నాడు.

యాదగిరిని కొత్తకోట పంపించి, పుట్టగొడుగు తలలా ఉండే ఎర్ర మీట, ఆ మీట నొక్కగానే కరెంటును తెంచే కాంటాక్టరు ఒకటి తెప్పించాను. ఆ మీటను రోలరు పక్కన, శాంతమ్మ చెయ్యి చాస్తే అందేచోట బిగించాను. నొక్కితే డ్రైవుకు వచ్చే కరెంటే పోతుంది. కీప్యాడు ఉన్నా లేకపోయినా, గీతలు వచ్చినా రాకపోయినా దానికి సంబంధం లేదు. మీటను తిప్పి పైకి లేపితే తప్ప మళ్లీ కరెంటు రాదు, వచ్చినా కీప్యాడు మీద నడువు అని నొక్కితే తప్ప బెల్టు కదలదు. ఆపడం ఎవరైనా చెయ్యగలగాలి, నడపడం మాత్రం చూసుకుని చెయ్యాలి.

వదులైన కీప్యాడు మార్చాను. కొత్తదానికి తాళం అంకె పెట్టాను, ఆ అంకె తెలియకుండా ఎవరూ వేగం మార్చలేరు. "ఇక దీన్ని జేబులో వేసుకుని తిరిగే పనిలేదు" అని సేటుకు నేర్పించాను. ఆయన తలూపాడు గానీ మొహంలో నమ్మకం లేదు. ఇన్నేళ్లు జేబులో బరువుగా తగిలిన వస్తువును ఒక అంకెకు అప్పగించమంటే ఎలా? 'మాట తెగినా నడువు' అన్న పాత అంకెను మార్చొద్దని పట్టుబట్టాడు. ఎర్ర మీట ఉంది కదా అని నేనూ వదిలేశాను. అది సరైన పనేనా అని ఇప్పటికీ నాలో నేను వాదించుకుంటాను.

చివర్లో ఒక తగాదా మిగిలింది. ఆ మిల్లులో పూజ చేసిన పెట్టెల మీద ఏరేవాళ్లు చెయ్యి వెయ్యకూడదని ఒక కులం కట్టు. ఎవరు, ఎందుకు పెట్టారో మా వైపు పుట్టినవాడికి వేరే చెప్పనక్కరలేదు. ఆ కట్టు ఉన్నంతకాలం ఈ మీట గోడకు కొట్టిన మేకుతో సమానం. అందుకని అందరి ముందూ శాంతమ్మే దీన్ని మొదట నొక్కాలన్నాను. సేటు కాసేపు నసిగి, కుంకుమ భరిణె తెప్పించి ఆమె ముందుకు తోశాడు. "కొత్త సామాను. బొట్టు పెట్టి నొక్కు మరి."

శాంతమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "మేం ప్రభువును నమ్ముకున్నోళ్లం సేటూ. బొట్టు పెట్టం. నొక్కుమంటే నొక్కుత."

ఆడవాళ్లు ఒక్కసారిగా గొల్లున నవ్వారు. సేటుకూ నవ్వాగలేదు. తనే బొట్టు పెట్టి, కొబ్బరికాయ తెప్పించబోతే నేను వద్దని దణ్ణం పెట్టాను. శాంతమ్మ అరచేత్తో మీటను కొట్టింది. బెల్టు ఆగింది. ఆ చప్పుడు ఆగేసరికి పక్క రోడ్డు మీద లారీల హారన్లు వినబడ్డాయి.

"గింతేనా?" అంది శాంతమ్మ.

"ఎవరు నొక్కినా ఏమీ అననని మీ నోటితో చెప్పండి" అన్నాను సేటుతో. "అననులే" అన్నాడు, ఎటో చూస్తూ. "గట్టిగ చెప్పు సేటూ, పద్మకు ఇనపడలే" అంది శాంతమ్మ. ఈసారి గట్టిగానే చెప్పాడు.

తర్వాత

రావు గారు నాతో కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. నేను చేసింది రైటని ఎన్నడూ అనలేదు. మరుసటి సీజనుకు హైదరాబాదు నుంచి విడిభాగాల పెట్టె వచ్చినప్పుడు మాత్రం, కీప్యాడ్లూ ఫ్యూజులూ తీసి చూస్తే అడుగున ఎర్ర మీటలు ఉన్నాయి. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన మీద నాకున్న కోపం ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడే పోయింది.

కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. తెర మీద గీతలు వస్తే పిన్నులు చూడండి, తీగ దారి చూడండి, కీప్యాడును నేరుగా పెట్టి చూడండి. ఇవన్నీ పుస్తకంలోనూ ఉంటాయి. తర్వాత మీటరు సంచిలో పెట్టేసి, ఆ మోటారు లాగుతున్న దాని వెంట చివరిదాకా నడిచి వెళ్లండి. అక్కడ బిందెలున్నాయా, మనుషులున్నారా చూసి, అప్పుడు వెనక్కి వచ్చి ఆ అంకె పెట్టండి. మా ఊరు తెలకపల్లిలో ఎడ్లకు పని నేర్పేటప్పుడు ముందు నడవడం కాదు, ఆగడం నేర్పుతారు. మా నాయన ఎందుకలా చేసేవాడో నాకు ఆ మిల్లులో తెలిసింది.

ఎర్ర మీట పెట్టిన మరుసటి ఏడు, కొత్త పల్లీలు దిగుతున్న రోజుల్లో నేను నాగర్‌కర్నూలులో ఒక బియ్యం మిల్లులో ఉన్నాను. మధ్యాహ్నం వెంకటయ్య సేటు ఫోను చేశాడు. "సారూ, ఒకపాలి రావాలె" అన్నాడు. రిమోటు చెడిందా అని అడిగేలోపే ఫోను పెట్టేశాడు. చేతిలో పని యథాతథంగా వదిలేసి బస్సెక్కాను. దారిపొడుగునా నా మనసు ఎక్కడెక్కడికో పోయింది.

వెళ్లేసరికి బెల్టు ఆగి ఉంది. ఏరేవాళ్లందరూ బయట బస్తాల నీడన కూర్చుని ఉన్నారు. మధ్యలో పద్మ, చేతిలో నీళ్ల చెంబు. ఆమె మెడ చుట్టూ ఎర్రటి వాత తేలి ఉంది. చీర కొంగు సగం లేదు. ఆ సగం రోలరుకు చుట్టుకుని ఉంది, పోయినేడు నా తువ్వాల చుట్టుకున్నచోటే.

"తల రోలరు మీదికి పోతుండె సారు" అంది శాంతమ్మ. "చెయ్యి నాది నాకు తెల్వకుంటనే పోయి నొక్కింది." ఆ చెయ్యి ఇంకా పద్మ వీపు మీదే ఉంది. "దవాఖానకు తోల్కపోయి సూపిచ్చినం. ఏం గాలేదన్నరు." పద్మ నా వైపు చూసి, చెంబు పక్కన పెట్టి, మిగిలిన కొంగును బొడ్డులో దోపుకుంది. నేనూ అక్కడే ఒక బస్తా మీద కూర్చున్నాను. పక్కనున్న ఆడవాళ్లు నాకూ నీళ్లిచ్చారు.

సేటు లోపల డ్రైవు ముందు ఒక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో కీప్యాడు ఉంది. దాన్ని దాని చోట పెట్టాలని చూస్తున్నాడు, పిన్నులు కుదరడం లేదు. నేను వెళ్లి పక్కన నిలబడితే తల తిప్పకుండానే మాట్లాడాడు.

"నేను కొత్తకోటల ఉంటి సారూ. గీ రిమోటు నా జేబుల్నే ఉండె."

ఆయన కీప్యాడును నా చేతిలో పెట్టి, నా సంచిలోని స్క్రూడ్రైవరు వైపు వేలు చూపించాడు.

"దీన్ని గట్టిగ బిగియ్యి. ఇగ ఎవ్వరు తియ్యరావద్దు. నేను గూడ."